వరంగల్ ప్లాన్‌లో నాలాలెక్కడ?

కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థను వరంగల్‌లో అందరూ కుడా అనే అంటారు. హనుమకొండలోని ఆ కార్యాలయానికి నేను వెళ్లింది 2041 మాస్టర్ ప్లాన్ చూడ్డానికి. బల్ల మీద పరిచిన పటం బల్ల అంచులు దాటి వేలాడుతోంది. పసుపు రంగు ఇళ్లకు, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు బడులూ ఆసుపత్రుల వంటి వాటికి, ఆకుపచ్చ పార్కులకు. ప్రణాళికాధికారి ఓపికగా రింగురోడ్డు వెంట వేలు పోనిస్తూ చెబుతున్నారు. నా కళ్లు మాత్రం సన్నటి లేతనీలం గీతల కోసం వెతుకుతున్నాయి. నాలాలవి. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ ఈ నగరం మునిగిన తీరు చూసినవాళ్లెవరైనా ముందు వాటినే వెతుకుతారు.

వరంగల్‌కు ఇంతకుముందున్న మాస్టర్ ప్లాన్ 1972 నాటిది. కొత్తదానికి ప్రభుత్వ ఆమోదం దొరికింది 2024 నవంబరులో. మధ్యలో యాభై ఏళ్లు. 1899లో మున్సిపాలిటీగా మొదలైన ఊరు ఆ యాభై ఏళ్లలోనే కార్పొరేషన్ అయింది, చుట్టుపక్కల 42 గ్రామాలను కలుపుకుంది, 2015లో గ్రేటర్ అయింది. ఊరు పెరిగినంత వేగంగా ప్లాన్ పెరగలేదు. అవసరమైనప్పుడల్లా 1975 నాటి పట్టణాభివృద్ధి చట్టం పన్నెండో సెక్షన్ కింద జీవో తెచ్చుకోవడం, ఆ సర్వే నంబరు వరకు భూవినియోగం మార్చుకోవడం. అలా మారిన ముక్కలన్నీ కలిస్తే ఊరవుతుంది గానీ, వాననీరు ఎటు పోవాలన్న లెక్క ఏ ముక్కలోనూ ఉండదు.

కాకతీయులు తవ్వించినవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు చేరాలి. నాలా అంటే ఆ గొలుసులో లంకె. చెరువును మిగిల్చి నాలాను పూడిస్తే గొలుసు తెగినట్టే. నిబంధనలు లేక కాదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు, పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు 9 మీటర్లు, అంతకంటే సన్నటి నాలాకు 2 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నియమాల్లోనే ఉంది. హద్దు ఎక్కడన్నదే పేచీ. నేలమీద రాయి నాటకపోతే కాగితం మీద 9 మీటర్లు ఎక్కణ్నుంచి కొలుస్తారు?

ఇదే ప్రశ్న అధికారినడిగాను. హద్దురాళ్లు నాటాలంటే రెవెన్యూ, నీటిపారుదల, కార్పొరేషన్ మూడు శాఖలూ ఒకేరోజు ఒకేచోట నిలబడాలని, అదే కష్టమవుతోందని చెప్పారాయన. ముసాయిదా మీద వచ్చిన అభ్యంతరాల సంగతీ చెప్పారు. మా పొలంలోంచి రోడ్డు గీశారు, జరపండి. మా భూమిని గ్రీన్ జోన్‌లో పెట్టారు, తీసేయండి. ఎక్కువగా ఇలాంటివేనట. వాళ్లను తప్పుపట్టలేం, ఉన్న రెండెకరాలూ పోతాయంటే ఎవరైనా వస్తారు. కానీ ఫలానా నాలాను ఇంకా వెడల్పుగా చూపించండి అని అర్జీ పెట్టేవాళ్లు అరుదు.

అక్కడినుంచి నయీంనగర్ వెళ్లాను. పాత వంతెన ఇరుకై నీళ్లకు అడ్డుపడుతోందని 2024లో కూల్చి కొత్తది కట్టారు. నాలాకు గోడలు లేపారు. మంచి పని, కళ్లకు కనిపిస్తోంది. ఆ తర్వాత బొందివాగు పక్కనున్న ఎన్టీఆర్ నగర్. ఒకింటి ముందు బియ్యం చెరుగుతున్న ఆమెను పలకరిస్తే చాట పక్కన పెట్టి లేచింది. గోడ దగ్గర నిలబడి నడుముకు జానెడు పైన చెయ్యి పెట్టింది. అక్కడ సున్నం కింద ఇంకా మట్టిరంగు చార ఉంది.

“2020ల గీడిదాంక వచ్చినయ్ సార్ నీళ్లు. బియ్యం డ్రమ్ము తేలి వాకిట్లకు పోయింది. ఇరవై మూడుల మళ్ల గట్లనే. ఇప్పుడు మొగులు పట్టిందంటే పిల్లల సర్టిఫికెట్లు ముందుగాల అటక మీదికెక్కిస్త.”

మాస్టర్ ప్లాన్ మీద జనం మాట అడిగినప్పుడు ఏమైనా రాసిచ్చారా అన్నాను.

“గా సంగతి మాకెవలు జెప్పిన్రు?” అందామె.

పటంలో ఆ ఇల్లు పసుపు రంగులో ఉంది, పక్కనే లేతనీలం గీత ఉంది. ఆ రెంటి మధ్య దూరం ఎంతుండాలో చెప్పే హక్కు ఆమె ఓటేసి గెలిపించిన మనిషికి ఉండాలి కదా. అందుకే ఒక మాజీ కార్పొరేటర్‌ను కలిశాను.

“కౌన్సిల్‌ల మాది ఎప్పుడూ నిధుల కొట్లాటే అన్నా. నా డివిజన్‌కు సీసీ రోడ్డెంత, మోరీ ఎంత, లైట్లెన్ని. ప్లాన్ అంటే కుడాది, మా దాంట్ల సంతకం లేదు అనుకునేటోళ్లం” అన్నాడు. ఆయన దాచుకున్న సమావేశాల ఎజెండాలు తిరగేశాను. పైపులైన్లు, కాంట్రాక్టు పొడిగింపులు, కమ్యూనిటీ హాళ్లు. అన్నీ కావలసినవే. పదిహేనేళ్ల తర్వాతి ఊరి గురించి మాత్రం నేను చూసిన వాటిలో ఒక్క అంశమూ లేదు.

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు అప్పగించదగ్గ 18 బాధ్యతలను పన్నెండో షెడ్యూల్లో చేర్చింది. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే. మన దగ్గర ఆ మొదటి పనే కౌన్సిల్ చేతికి పూర్తిగా రాలేదు. కుడా పక్షాన ఒక న్యాయమైన మాటుంది: ప్లాన్ పరిధి 1,805 చదరపు కిలోమీటర్లు, కార్పొరేషన్‌ది సుమారు 407. వాగు కార్పొరేషన్ హద్దు దగ్గర ఆగదు కాబట్టి పెద్ద పటం గీసే సంస్థ ఉండాల్సిందే. కానీ ఆ 407 చదరపు కిలోమీటర్లలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతిచ్చేది కార్పొరేషనే. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి డివిజన్‌లో యువకులకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు నాలుగు వార్డు కమిటీలుండాలి, ఒక్కోదానిలో 15 మంది. నిజంగా కూర్చోబెడితే 66 డివిజన్లలో దాదాపు నాలుగువేల మంది అవుతారు. నాలా ఎక్కడ సన్నబడిందో ఏ ఉపగ్రహ చిత్రం కన్నా వాళ్లకే బాగా తెలుసు. నా కోపమల్లా ఇక్కడే. ఇంతమందిని చట్టం పిలిస్తే, మనం మొక్కలు నాటే ఫొటోల దగ్గర నిలబెట్టి పంపేస్తున్నాం.

నగరమంతటికీ భూగర్భ డ్రైనేజీ కోసం 4,170 కోట్ల రూపాయల ప్రణాళికకు కూడా 2024 నవంబరులోనే ఆమోదం వచ్చింది. చాలామంది దీంతో ముంపు తీరిపోతుందనుకుంటున్నారు. ఆ పైపులు మురుగునీటికి. వాననీటికి నాలాలే దిక్కు. పైపుల కోసం రోడ్లన్నీ ఎలాగూ తవ్వుతారు, ప్రతి వీధినీ ఎలాగూ కొలుస్తారు. ఆ కొలతలతోపాటే నాలా హద్దులు కూడా కొలిచి, డివిజన్లవారీగా కౌన్సిల్‌లో తీర్మానం చేసి, రాళ్లు నాటాకే ఆ పక్కన కొత్త ఇంటికి అనుమతివ్వాలి. బొందివాగుతోనే మొదలుపెట్టవచ్చు.