మూడు మీటర్లు, ఎఫ్ ఎనిమిది

విశాఖలో డాక్‌యార్డు పనుల మీద, ఆ తర్వాత ఉక్కు కర్మాగారం పనుల మీద సోవియట్ ఇంజనీర్లు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో ఊళ్లో రష్యన్ కెమెరాలు చేతులు మారుతుండేవి. తిరుగు ప్రయాణం దగ్గరపడే సరికి వాళ్లకు రూపాయలు కావాలి, మనవాళ్లకు కెమెరా కావాలి. అలా మా మావయ్య చేతికి ఒక జోర్కీ-4 వచ్చింది. దాంతోపాటు విడిగా ఒక తోలు సంచిలో పొట్టి లెన్స్ ఒకటి. జుపిటర్-12, 35 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8. ఇంటికొచ్చిన వాళ్లందరూ కెమెరానే తిప్పి తిప్పి చూసేవారు. సంచిలో దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం వల్లే అది నా వంతుకొచ్చింది.

దాని పుట్టుక జర్మనీలో. 1930లలో లుడ్విగ్ బెర్టెలే అనే ఆయన జైస్ కంపెనీ కాంటాక్స్ కెమెరా కోసం బయోగాన్ అనే వైడ్ లెన్స్ గీశాడు. యుద్ధం ముగిశాక జైస్ యంత్రాలు, నమూనాలు నష్టపరిహారం కింద సోవియట్ యూనియన్‌కు తరలిపోయాయి. క్రాస్నగోర్స్క్ ఫ్యాక్టరీలో బయోగాన్ ముందు బీకే-35 అయింది, ఆ తర్వాత జుపిటర్-12 అయింది. తమాషా ఏమిటంటే, పశ్చిమ జర్మనీలో జైస్ వాళ్లు కాంటాక్స్‌ను మార్చేసరికి పాత బయోగాన్ అందులో పట్టలేదు. వాళ్లు కొత్తది గీసుకున్నారు. పాత గీత మాత్రం రష్యాలో దశాబ్దాలపాటు బతికింది. లెన్స్ నంబరులో మొదటి రెండంకెలు చూస్తే సాధారణంగా అది తయారైన ఏడాది తెలిసిపోతుంది.

జోర్కీలాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో అద్దం ఉండదు. కనుక వైడ్ లెన్స్ వెనక గాజును ఫిల్ముకు బాగా దగ్గరగా తీసుకుపోవచ్చు. ఎస్సెల్లార్ కెమెరాలో అద్దం లేచి పడటానికి చోటు వదలాలి గనుక గాజును ఫిల్ముకు దూరంగా ఉంచడానికి వేరే ఉపాయం కావాల్సి వచ్చింది. 1950లో ఫ్రాన్స్‌లో ఆంజెన్యూ కంపెనీ తెచ్చిన రెట్రోఫోకస్ లెన్స్ ఆ ఉపాయమే. జుపిటర్-12కు ఆ బెడద లేదు. దాని వెనక గాజు కోడిగుడ్డు బొడిపెలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. వెనక మూత కూడా అందుకే లోతుగా చేశారు. మూత పోగొట్టుకున్న జుపిటర్ ఎక్కడ దొరికినా వెనక గాజు మీద గీతలుంటాయి.

వాడటంలో మొదటి చిక్కు, జోర్కీ కిటికీ 50 మిల్లీమీటర్లకే చూపిస్తుంది. 35కి పైన వేరే ఫైండర్ తగిలించాలి. రష్యన్లు 28 నుంచి 135 దాకా ఐదు కళ్లున్న తిరుగుడు ఫైండర్ చేసేవారు. ఒక కిటికీలో ఫోకస్, ఇంకో కిటికీలో ఫ్రేము! మనిషి ఈలోగా మొహం తిప్పేసుకుంటాడు. అందుకని మావయ్య లెన్స్ మీద దూరాన్ని మూడు మీటర్ల దగ్గర పెట్టి, ఎఫ్ ఎనిమిదిలో ఉంచి మరి ముట్టుకోనిచ్చేవాడు కాదు. అలా పెడితే దాదాపు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఫిషింగ్ హార్బర్లో తెల్లవారుజామున చేపల వేలం దగ్గర ఇక ఫోకస్ గొడవే లేదు. బుట్ట, బుట్ట వెనక మనిషి, ఆవిడ వెనక పడవ, అన్నీ ఒకే ఫ్రేములో నిలబడేవి. యాభైతో మొహం వచ్చేది. ముప్పై ఐదుతో ఆ మొహం ఎక్కడ నిలబడి ఉందో కూడా వచ్చేది. దానికోసం మనమే దగ్గరికి నడవాలి, మాట కలపాలి. జూమ్ లెన్స్ వచ్చాక ఆ నడక పోయిందని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే వాదించను.

అపెర్చర్ రింగు ముందు గాజు చుట్టూ లోపలికి దిగి ఉంటుంది. వేలికొన పెట్టి తిప్పాలి, టిక్కుటిక్కుమని ఆగదు. ఎండలో చెమట వేలితో తిప్పితే గాజుకు మరక ఖాయం.

సముద్రపు గాలి ఊరికే పోలేదు. కొన్నేళ్లకి లెన్స్‌కు టార్చి వేసి చూస్తే లోపల సాలెగూటి పోగుల్లా బూజు. తోలు సంచి తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. అందంగా ఉంటుంది కానీ లెన్స్‌కు అంతకన్నా శత్రువు లేదు. పూర్ణా మార్కెట్ వైపు ఒక పెద్దాయన కెమెరాలు బాగుచేసేవారు. జామెట్రీ బాక్సులోని డివైడర్ మొనలు ఆకురాయితో అరగదీసి, రింగులు విప్పే పనిముట్టుగా చేసుకున్నారు. లెన్స్ చేతికివ్వగానే ఆయన చెప్పిన మొదటి మాట, “ఎనక వైపు కింద పెట్టకండి బాబూ, గాజు బల్లకి తగిలిపోద్ది.”

గాజులు ఒక్కొక్కటే తీసి పాత పంచె ముక్క మీద వరసగా పేర్చారు. ఏ గాజు ఏ వైపు చూడాలో అంచున పెన్సిలుతో గుర్తు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాస్త అమ్మోనియా కలిపి దూదితో తడిపితే బూజు లేచొచ్చింది. ఒక చోట మాత్రం అది అప్పటికే పూతను తినేసింది. ఆ మచ్చను రుద్దబోతే వద్దన్నారు: మచ్చ ఫొటోలో కనపడదు, పాలిష్ పెడితే మొత్తం పూత పోయి వెలుతురుకు ఎదురు తీసిన ప్రతి ఫొటో పాలిపోతుంది. ఆ తర్వాత దూరం తిప్పే మరలు. గ్రీజు జిగురులా గట్టిపడింది. లైటర్ పెట్రోలుతో కడగడానికి ముందు, రెండు గొట్టాలూ విడిపోయే చోట సూదితో గీత గీశారు. వాటికి మర ఒక్క దారి కాదు, చాలా దారులుంటాయి. తప్పు దారిలో ఎక్కిస్తే లెన్స్ బాగానే తిరుగుతుంది, దూరం మాత్రం కుదరదు.

కుదిరిందో లేదో చూసే పద్ధతి నాకిప్పటికీ ఇష్టం. జోర్కీ వెనక భాగం మొత్తం ఊడి వస్తుంది. ఫిల్ము ఉండే చోట గరుకు గాజు ముక్క ఆనించి, షట్టర్ బి మీద తెరిచి ఉంచి, డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ వైపు చూపించారు. లెన్స్ అనంతం గుర్తు దగ్గర ఆగినప్పుడు భూతద్దంలో ఆ స్తంభం తలకిందులుగా, అంచులు తెగినంత స్పష్టంగా కనపడాలి. కనపడింది.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆ దుకాణంలో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు రీలు లేదు, తూర్పు జర్మనీ ఓర్వో రీళ్లు కొట్లో అడిగితే దొరికే కాలమూ కాదు. రీలు కడిగే స్టూడియోలు వెతికితే గానీ దొరకవు. లెన్స్ మాత్రం పనిచేస్తోంది. అడాప్టర్ పెట్టుకుని అద్దం లేని కొత్త కెమెరాలకు ఈ పాత లెన్స్‌లు తగిలిస్తున్నవాళ్లున్నారు. జుపిటర్-12ను మాత్రం చూసి తగిలించాలి, ఆ పొడుచుకొచ్చిన గాజు లోపల దేనికైనా తగలవచ్చు.

మీ ఇంట్లో బీరువా అడుగున తాతగారిదో, మావయ్యదో అలాంటి లెన్స్ ఉంటే ముందు తోలు సంచిలోంచి బయటికి తీయండి. టార్చి వేసి చూడండి. బూజు కొత్తదైతే పోతుంది, ఆలస్యమైతే గాజునే తింటుంది. మూత బిగుసుకుపోయిందని బలవంతంగా తిప్పకండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, నెలకోసారి తీసి వాడండి.