లైమ్ గ్రామము - ఒక తల్లి వ్రాసిన పట్టిక

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూయార్కు నగరమునుండి బోస్టను నగరమునకు పోవు రైలు చాల దూరము సముద్రతీరము ననుసరించి పోవును. ఆ దారిలో కనెక్టికట్ నది సముద్రమున గలియు చోట నొక వంతెన కలదు. వంతెనకు పడమటి గట్టున ఓల్డ్ సేబ్రూక్, తూర్పు గట్టున ఓల్డ్ లైమ్ అను గ్రామములున్నవి. ఓల్డ్ లైమ్‌నకు ఎగువను లైమ్, దానికి నెగువను ఈస్ట్ హాడమ్ కలవు. లైమ్ అనగా నిచట సున్నమును గాదు, నిమ్మపండును గాదు. 1665లో సేబ్రూక్ నుండి విడివడిన యీ యూరికి ఇంగ్లండు దక్షిణతీరమందలి లైమ్ రీజిస్ అను పట్టణము పేరు పెట్టిరి.

న్యూ ఇంగ్లండు ప్రాంతమున నన్నిటికంటె పొడవైన నది యిదియే. అయినను దీని ముఖమున పెద్ద రేవుపట్టణము లేదు. నది తెచ్చిన యిసుక మేటలు వేయుటచే పెద్ద యోడలు లోనికి రాజాలవు. గోదావరి సాగరసంగమమును చూచిన మన సోదరీమణులకు ఇది వింతగా తోచదు. రేవు లేకపోవుటయే యీ గ్రామముల యదృష్టము. ఉప్పునీటి రెల్లుపొదలు, వానిపై గిరికీలు కొట్టు చేపలగ్రద్దలు, తెల్లని కొయ్యయిండ్లు, వాని వెనుక పచ్చని యడవి, ఇదియే యిచటి సంపద.

ఈ సౌందర్యమును లోకమునకు చూపుటలో నొక స్త్రీ తోడ్పడినది. ఫ్లారెన్స్ గ్రిజ్‌వల్డ్ అను నామె యోడ కప్తాను కుమార్తె. వివాహమాడలేదు. కుటుంబమునకు కలిమి తగ్గగా, ఓల్డ్ లైమ్‌లోని తన పెద్దయింటిలో అద్దెకు బసయు భోజనమును ఏర్పరచెను. 1899లో హెన్రీ వార్డ్ రేంజర్ అను చిత్రకారుడు వచ్చి దిగెను. 1903లో చైల్డ్ హాసమ్ వచ్చెను. వారి వెంట ననేకులు వచ్చిరి. ఆ యింటి భోజనశాల గోడపలకలపై వారు వ్రాసిన చిత్రములు నేటికిని ఉన్నవి. ఆ యిల్లిప్పుడు మ్యూజియము.

ఊరు దాటి యడవిలో నడచువారికి ఒక విచిత్రము కనబడును. చెట్లనడుమ, మనుష్యసంచారము లేని చోట్ల, నడుమెత్తు రాతిగోడలు సాగిపోవుచుండును. అవి కోటగోడలు కావు, పొలముల సరిహద్దులు. పూర్వము వలసవచ్చినవారు అడవిని నఱికి, దున్నునపుడు బయటపడిన రాళ్లను గట్లపై పేర్చిరి. 19వ శతాబ్దమున రైతులు పడమటి సారవంతమైన భూములకును మిల్లుపనులకును వలసపోగా, బీడుపడిన పొలములలో మరల నడవి మొలచెను. తోడేళ్లు అంతకుముందే నశించినవి. కనుక 20వ శతాబ్దమున తిరిగివచ్చిన లేళ్లు నిర్భయముగా వృద్ధిపొందినవి. ఆ యడవి యంచుననే జనులు ఇండ్లు కట్టుకొనిరి. లేడి పెరటిలోనికి వచ్చి పూలమొక్కలు మేయును. చూచుటకు ఆశ్రమమువలె నుండును. ఆ లేళ్లతోపాటు పిడుదులును పెరిగినవి.

మన పశువులకును కుక్కలకును పట్టు పిడుదును ఎఱుగని గృహిణి యుండదు. ఈ జింకపిడుదు అంతకంటె మిక్కిలి చిన్నది. గ్రుడ్డునుండి వెలువడునపుడు దానికి ఆరుకాళ్లు మాత్రమే. తెల్లని పాదములు గల యడవి చిట్టెలుక రక్తమును త్రాగునపుడు దానికి రోగక్రిమి సంక్రమించును. తరువాతి దశలో ఎనిమిది కాళ్లు వచ్చును. అప్పుడది గసగసాల గింజంత యుండును. మే మొదలు జూలై వరకు మనుష్యులను కఱచునది తఱచుగా నిదియే. పూర్తిగా పెరిగినది నువ్వుగింజంత యుండి లేళ్లను పట్టి సంతానము పెంచుకొనును. రోగమునిచ్చునది ఎలుక, పిడుదులను పోషించునది లేడి. పిడుదు ఎగురలేదు, దుముకలేదు. గడ్డిపోచ చివర నిలిచి ముందుకాళ్లు చాచి, రాచుకొని పోవు ప్రాణికొఱకు కాచియుండును. అది కఱచినప్పుడు నొప్పి తెలియదు.

ఈ లైమ్ గ్రామముననే పాలీ మర్రే అను చిత్రకారిణి భర్తతోను నలుగురు బిడ్డలతోను నివసించుచుండెను. కొన్ని యేండ్లపాటు ఆమెను తలనొప్పియు జ్వరమును ఒడలిపై మచ్చలును కీళ్లవాపును విడువక బాధించెను. పిమ్మట బిడ్డలకును మోకాళ్లు వాచెను. ఎందఱు వైద్యులను చూచినను కారణము తెలియలేదు. ఇది మనోవ్యాధి యని పలికినవారును కలరు. ఆమె యూరకుండలేదు. ఎవరికి ఏనాడు ఏ బాధ కలిగినదో వ్రాసిపెట్టుకొనెను. ఇరుగుపొరుగు తల్లులను అడిగెను. వారి యిండ్లలోను మోకాళ్లు వాచిన పిల్లలుండిరి. పట్టిక పెరిగెను. 1975లో ఆమె రాష్ట్ర ఆరోగ్యశాఖకు ఈ సంగతి తెలియజేసెను. ఓల్డ్ లైమ్‌లోని మఱియొక తల్లియు తన కుమార్తెను గూర్చి అట్లే మొఱపెట్టుకొనెను. ఇద్దఱును వేర్వేఱుగా చెప్పినది ఒక్కటియే: పిల్లల కీళ్లవాపు ఇంత చిన్న యూరిలో ఇందఱికి రావచ్చునా?

ఆ ప్రశ్న యేల్ విశ్వవిద్యాలయమున కీళ్లవ్యాధులను అభ్యసించుచుండిన అలెన్ స్టీర్ అను యువవైద్యుని చేరెను. ఆయన ఆమె పట్టికను త్రోసివేయక యింటింటి వృత్తాంతము విచారించెను. 1977లో ప్రకటించిన పరిశోధనలో మూడు గ్రామములలోను 51 మంది రోగులు తేలిరి. వారిలో 39 మంది పిల్లలే. నాలుగు వీథులలో నున్న పిల్లలలో పదిమందికొకరు జబ్బుపడియుండిరి. హెచ్చుమందికి వేసవిలోను శరత్తు ప్రారంభమునను జబ్బు మొదలైనది. నదికి తూర్పున రోగులు హెచ్చు, పడమట తక్కువ. పిడుదులును తూర్పుననే హెచ్చు. రోగులలో నాలుగవ వంతు మంది, కీళ్లు వాచుటకు ముందు ఒడలిపై నొక మచ్చ వచ్చినదని చెప్పిరి. అట్టి మచ్చను స్వీడను దేశపు వైద్యుడు ఆర్విద్ ఆఫ్జీలియస్ 1909లోనే వర్ణించి, పిడుదుకాటుతో ముడిపెట్టియుండెను. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు రాష్ట్రపు షెల్టర్ ద్వీపమునుండి తెచ్చిన పిడుదులలో మెలికలు తిరిగిన క్రిమిని కనుగొనెను. దానికి ఆయన పేరే పెట్టిరి. రోగమునకు మాత్రము ఈ గ్రామము పేరు నిలిచెను.

నేడు ఆ దేశమున ఏటేట దాదాపు 4,76,000 మంది ఈ రోగమునకు చికిత్స పొందుచున్నారని ప్రభుత్వ రోగనివారణ సంస్థ యంచనా వేసినది. ఈశాన్య రాష్ట్రములలో నిది విశేషము. అచట మన తెలుగు కుటుంబములు అనేకము కలవు. కుమార్తె పురుటికో, మనుమల సంరక్షణకో ఇచటినుండి పోవు తల్లులును తక్కువవారు కారు. వేసవిలో పెరటి గడ్డిలో మనుమనితో ఆడునది వారే కదా. వారికొఱకీ నాలుగు మాటలు.

కాటు పడిన 3 మొదలు 30 దినములలోపల మచ్చ పుట్టి, దినదినమును వ్యాపించును. కొన్ని సమయములందు నడుమ తేటపడి వలయమువలె నగపడును. సాధారణముగా దురదగాని నొప్పిగాని యుండదు. నూటికి 70, 80 మందికి ఈ మచ్చ వచ్చును. తక్కినవారికి జ్వరము, అలసట, ఒళ్లునొప్పులు మాత్రమే కలుగవచ్చును. పుస్తకములలోని బొమ్మలు తఱచుగా తెల్లని చర్మముపై ఎఱ్ఱని మచ్చను చూపును. మన చామనచాయ మేనిపై అది కమిలినట్లో నల్లబడినట్లో తోచును. కనుక రంగును కాక, పెరుగుదలను చూడవలెను. మచ్చ అంచున కలముతో గీత గీసి, మఱునాడు అది గీత దాటినదేమో పరిశీలించిన తెలిసిపోవును. పిడుదులున్న ప్రదేశమునకు పోయివచ్చితిమని వైద్యునితో చెప్పుట మఱువరాదు. తొలి వారములలో రక్తపరీక్ష తేల్చకపోవచ్చును. మచ్చను చూచియే వైద్యుడు మందీయవచ్చును. డాక్సీసైక్లిన్ వంటి మందు రెండు వారములలోపు వాడిన హెచ్చుమంది పూర్తిగా కోలుకొందురు. ఉపేక్షించిన ముఖము ఒకవైపు వంకర పోవుట, గుండె కొట్టుకొనుట తప్పుట, కీళ్లు వాచుట సంభవించును.

అడవినుండి వచ్చిన వెంటనే స్నానము చేసి, చంకలు, చెవుల వెనుక, జుట్టు, బొడ్డు, నడుము, తొడల నడుమ, మోకాళ్ల వెనుక తడవి చూచుకొనవలెను. పిల్లలకు తలదువ్వునపుడు పేలు చూచు తల్లికి ఇది కష్టము కాదు. పిడుదు కనబడిన కిరసనాయిలు పోయరాదు, అగ్గిపుల్లతో కాల్చరాదు, నూనె రాయరాదు. సన్నని మొన గల పట్టుకారుతో చర్మమునకు ఆనించి పట్టి, మెలిపెట్టక నిటారుగా మెల్లగా లాగవలెను. తరువాత సబ్బునీటితో కడుగవలెను. క్రిమి మన దేహమున ప్రవేశించుటకు సాధారణముగా ఒక దినమునకు మించి పిడుదు పట్టియుండవలెను. కనుక నాటి పిడుదును నాడే తీసివేసిన భయము చాలవఱకు తీరును. విడిచిన బట్టలను వేడి ఆరబెట్టు యంత్రమున పది నిమిషములు వేసిన పిడుదులు చచ్చును.

ఇంతమాత్రమున అడవికి పోవుట మానవలదు. లైమ్ వాసులు నేటికిని ఆ రాతిగోడల ప్రక్కన నడచుచునే యున్నారు, బాట నడుమను, పొడుగు మేజోళ్లలో పంట్లాము దోపుకొని. పాలీ మర్రే 2019లో గతించెను. ఆమె వైద్యురాలు కాదు, శాస్త్రజ్ఞురాలును కాదు. బిడ్డల జ్వరములను తేదీలతో వ్రాసిపెట్టుకొన్న తల్లి. మన యింటను అట్టి పుస్తకమొకటి యుండుట మేలు. పాలపద్దు, చాకలిపద్దు వ్రాయు చేతితోనే ఎవరికి ఏనాడు జ్వరము వచ్చెనో, ఏ మచ్చ ఎక్కడ కనబడెనో వ్రాసికొనుడు. వైద్యుని యొద్దకు పోవునపుడు దానిని వెంట తీసికొని పొండు.