అప్పు అంటే అరుగు

‘వాన’ అనగానే మీకు ముందుగా ఏం తడుతుంది? ఆలోచించకండి. ఆలోచిస్తే గొడుగో, మబ్బో, మిరపకాయ బజ్జీలో వచ్చేస్తాయి. అవి అందరివీ. వాటికంటే ఒక్క క్షణం ముందు నాలుక దాకా వచ్చి ఆగిపోయింది ఒకటుంటుంది చూడండి, అదీ మీ సొంతం. ఒకరికది తడిసిన పుస్తకాల సంచీ. ఇంకొకరికి, కళ్లంలో వడ్లు తడిసిన ఏడాది నాన్న ముఖం.

నిఘంటువులకు ఈ గొడవ పట్టదు. పట్టకూడదు కూడా. 1852లో వచ్చిన బ్రౌన్ దొర నిఘంటువైనా, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమైనా పదిమందీ ఒప్పుకునే అర్థం చెప్పి ఊరుకుంటాయి. ‘అప్పు’ అంటే రుణం. అంతే. కానీ తణుకులో అద్దె ఇంట్లో కాపురముంటున్న ఒక ఇల్లాలికి, ఆ మాటకు తన ఇంట్లోనే మరో అర్థం ఉందని తెలియడానికి ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. అదీ వాళ్లమ్మాయి పుణ్యమా అని.

ఆ అమ్మాయి విశాఖపట్నంలో సైకాలజీ ఎమ్మే చదువుతోంది. సంక్రాంతి సెలవులకు వస్తూ కాలేజీ పని ఒకటి వెంట తెచ్చుకుంది. నలభై తెలుగు మాటలు చీటీల మీద రాయాలి. ఒక్కోటీ తీసి చదవాలి. ఎదుటివాళ్లు తోచిన మొదటి మాట చెప్పాలి. ఎన్ని సెకన్లకు చెప్పారో సెల్‌ఫోన్‌లో చూసి రాసుకోవాలి. ఇలాంటి వాటికి అమ్మానాన్నల కంటే తేలిగ్గా దొరికే మనుషులెవరుంటారు?

ఇదేం కొత్త ఆట కాదు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే పండితుడు డెబ్బై అయిదు మాటలు కాగితం ముక్కల మీద రాసుకుని, తన మనసు మీద తనే ఈ ప్రయోగం చేసి 1879లో ప్రకటించాడు. ఇంచుమించు నెలకోసారి చొప్పున నాలుగుసార్లు చేస్తే 505 ఆలోచనలు తేలాయి. వాటిలో వేర్వేరువి 289 మాత్రమే. మనసు ఎక్కడెక్కడో విహరిస్తోందని మనం మురిసిపోతాం గానీ, అది గానుగెద్దులా తిరిగినచోటే తిరుగుతుందన్నమాట. వచ్చినవాటిలో అయిదింట రెండొంతులు చిన్ననాటివీ, కుర్రతనంలోవీనట. అన్నీ అచ్చు వేయడానికి ఆయనకు మనసొప్పలేదు. మనిషి లోపలి పునాదులు ఇంత స్పష్టంగా కనపడితే బయటపెట్టుకోవడం కష్టమేనని ఆయనే ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత పాతికేళ్లకు స్విట్జర్లాండులోని జూరిచ్‌లో కార్ల్ యూంగ్ అనే వైద్యుడు గడియారం పట్టుకుని దీన్ని రోగుల మీద వాడాడు. రోగి ఏం చెప్పాడన్నదే కాదు, ఏ మాట దగ్గర తడుముకున్నాడన్నదీ ఆయనకు ముఖ్యమే. 1910లో అమెరికాలో కెంట్, రోజనాఫ్ అనే ఇద్దరు వెయ్యిమందిని నూరేసి మాటలు అడిగారు. ‘బల్ల’ అంటే ‘కుర్చీ’ అన్నవాళ్లే నాలుగోవంతుకు పైగా ఉన్నారు. కాబట్టి ప్రతి జవాబు వెనకా గుట్టు ఉంటుందని వెతకబోతే వట్టి చాదస్తమే అవుతుంది.

తణుకులోనూ అదే వరస. ముందు అమ్మ కూర్చుంది. ‘ఉప్పు’ అంటే ‘కారం’ అంది. ‘రైలు’ అంటే ‘టిక్కెట్టు’. ‘పండగ’ అంటే ‘చాకిరీ’. ఈ జవాబు ఏ ఇంట్లో అడిగినా వచ్చేదే. ‘మేకు’ దగ్గరకొచ్చేసరికి మాత్రం ‘ఇంటివాళ్లు’ అంది. అమ్మాయి ఫక్కున నవ్వింది. అమ్మ నవ్వలేదు.

ఇరవై తొమ్మిదేళ్లలో అయిదు అద్దె ఇళ్లు మారారు. ప్రతి ఇంటి ఓనరూ మొదట చెప్పే మాట గోడలకు మేకులు కొట్టొద్దనే. వాళ్ల పెళ్లిఫొటో ఇప్పటికీ బీరువా నెత్తిన గోడకు ఆనుకుని ఉంటుంది. దుమ్ము దులిపినప్పుడల్లా పడిపోతుందేమోనని భయం. కాలెండరు మాత్రం పాత అద్దెవాళ్లు కొట్టి వదిలేసిన మేకుకు వేలాడుతుంటుంది. అది వంటింట్లో పొయ్యి పైన ఉంది మరి. ఏప్రిల్ నాటికి జిడ్డు పట్టి తిథులు కనపడవు.

2003లో ఆయన ఆఫీసువాళ్లు కొందరు కలిసి ఊరి చివర స్థలాలు కొన్నారు. జీతం చూసి బ్యాంకు అప్పు ఇస్తానంది. ఆమె తిరిగి తిరిగి కాగితాలన్నీ పోగుచేసింది. తక్కువైన డబ్బుకు చేతి గాజులు తీసిస్తానంది. అంతా అయ్యాక ఆయన సంతకం పెట్టలేదు. ‘నాకు అప్పు పడదు’ అన్నాడు, వంకాయ పడదన్నంత తేలిగ్గా. ఇవాళ ఆ స్థలాల్లో డాబాలు లేచాయి. ఆ దారిన బస్సులో వెళ్లాల్సొస్తే ఆమె అవతలివైపు కిటికీ దగ్గర కూర్చుంటుంది.

మొదట్లో ఆయన్ని పిసినారి అనుకుంది. కాదని త్వరలోనే తెలిసింది. పిల్ల చదువంటే, తోబుట్టువుల ఇంట్లో శుభకార్యమంటే చేతికి ఎముక లేకుండా ఖర్చుపెడతాడు. అయితే తన కోరికంటేనే లెక్కలేదన్నమాట, అనుకుంది. మొదటిదాని కంటే ఇది చాలా బరువైంది. ఇరవై ఏళ్లకు పైగా దాన్ని మోసింది, పైకి అనకుండా. మన ఇళ్లలో ఇలాంటి బరువులు చాలానే ఉంటాయి. పైకి అంటే గొడవ, అనకపోతే సంసారం.

తర్వాత ఆయన వంతు. ‘వాన’ అంటే ‘కాలవ’ అన్నాడు. ‘బడి’ అంటే ‘ఎక్కాలు’. ‘చెప్పులు’ అనగానే రెప్పపాటులో ‘లోపల’ అన్నాడు. వంటింట్లో బెండకాయలు తరుగుతున్న ఆమె అక్కణ్నుంచే ‘ఆఁ, లోపలే!’ అంది. ఆయన చెప్పులు గుమ్మం బయట విడవడు. చేత్తో పట్టుకొచ్చి తలుపు వెనక పెడతాడు. బయట పెడితే కుక్క ఎత్తుకుపోతుందంటాడు. మూడో అంతస్తులోకి కుక్కలెక్కణ్నుంచి వస్తాయని ఆమె వాదన. ఆ మట్టి తుడుచుకునేది ఆమె కాబట్టి ఆ వాదన రోజూ ఉండేదే.

‘అప్పు’ అంది అమ్మాయి.

ఆయన ఏమీ అనలేదు. ఫోన్‌లో తొమ్మిది సెకన్లు తిరిగాయి. అప్పుడు ‘అరుగు’ అన్నాడు.

అమ్మాయి రాసుకుని తర్వాతి చీటీ తీసింది. మధ్యలో ఆపి అడగకూడదని పాఠం. అన్నీ అయ్యాక మాత్రం ఉండబట్టలేక ‘అరుగేమిటి నాన్నా?’ అంది.

పెనుగొండ దగ్గర పల్లె. ఆయనకు తొమ్మిదేళ్లు. అక్క పెళ్లికి నాన్న చేసిన అప్పు తీరలేదు. ఒక సాయంత్రం షావుకారు సైకిలు వేపచెట్టుకు ఆనించి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ పిల్లాడి చెవిలో ఏం చెప్పాలో చెప్పి బయటికి పంపింది. ‘నాన్న లేరండి, భీమవరం వెళ్లారండి’ అన్నాడు పిల్లాడు. నాన్న పెరటి వసారాలో గాదె వెనక ఉన్నాడు. నాన్న చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే జత.

షావుకారు ఆ చెప్పుల వైపు చూశాడు. ‘అలాగేలే బాబూ. కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టు’ అన్నాడు. తాగి చెంబు తిరిగిచ్చాడు. ఏ క్లాసని అడిగాడు. పదమూడో ఎక్కం చెప్పమన్నాడు. పిల్లాడు తప్పుల్లేకుండా చెప్పాడు, గాదె దాకా వినపడేటట్టు. దీపాలు పెట్టేదాకా కూర్చుని ఆయన సైకిలెక్కి వెళ్లిపోయాడు.

‘తిట్టినా బాగుండేదమ్మా’ అన్నాడు తండ్రి.

వంటింట్లో కత్తి చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

తొమ్మిది సెకన్లలో ఇంత ఉందని గడియారం చెప్పలేదు, ఆయన చెప్పాడు. ఈ తేడా మరిచిపోతే ఈ ఆట పాడవుతుంది. మాట దగ్గర ఆగిన మనిషికి దగ్గు వచ్చి ఉండొచ్చు, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి ఉండొచ్చు. తడబాటును బట్టి ఎదుటివాళ్లను తేల్చేసేవాళ్లు, ముఖ్యంగా భర్తనో భార్యనో పట్టుకోవాలని గడియారం తీసేవాళ్లు, దీని జోలికి పోకపోవడం మంచిది. ఎవరి చీటీలు వాళ్లు రాసుకుని, గాల్టన్‌లా ఒక్కళ్లే కూర్చుని చూసుకుంటే ఏ బాధా లేదు. మీకేది తట్టిందో ఎవరికీ చూపించనక్కర్లేదు.

‘ఈ ముక్క ఆనాడే చెప్పి ఉంటే నేను ఆ కాగితాల కోసం తిరిగేదాన్నా?’ అంది ఆమె, గుమ్మంలోకొచ్చి.

‘చెప్పుకోడానికి అదేమన్నా ఘనకార్యమా?’

ఆమె కోపం పూర్తిగా పోలేదు. పోనక్కర్లేదు కూడా. చిన్నప్పటి కథ విన్నంత మాత్రాన మేకు కొట్టుకోవడానికి గోడ వచ్చేయదు కదా. వచ్చే ఏడాది ఆయన రిటైరవుతాడు. చేతికొచ్చే డబ్బుతో రెండు గదుల ఇల్లు, అదీ అప్పులేకుండా వస్తుందా రాదా అని ఆ రాత్రి ఇద్దరూ లెక్కలేశారు. లెక్క తెగలేదు. గొంతులు కాస్త లేచాయి కూడా. అయితే ఈసారి ఆయన మధ్యలో లేచి వెళ్లిపోలేదు.

మర్నాడు ఇల్లు తుడుస్తూ ఆమె తలుపు వెనకున్న చెప్పులు చూసింది. తీసి బయట పెట్టలేదు. అటక మీంచి పాత గోనెపట్టా ఒకటి దింపి, దులిపి, వాటి కింద పరిచింది.