జెర్సీల అప్పు

పోయిన డిసెంబరులో అలిపిరి మెట్లెక్కుతా గాలిగోపురం దగ్గర కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. స్పోర్ట్స్ షాపు అన్న. "ఏం తమ్ముడూ, మీ కెప్టెన్ ఫోన్ ఎత్తడంలా. జెర్సీల బాకీ 5,200 ఎవురిస్తారు?"

సంగతేమంటే, మా హాస్టల్ ఫుట్‌బాల్ టీముకి కెప్టెన్, మేనేజర్, ఓనర్ అన్నీ ఒక సీనియర్ అన్నే. వెనక పేర్లు వేయించి 16 జెర్సీలు అప్పుకి తెచ్చాడు. "డబ్బులు నేను చూసుకుంటాలే" అన్నాడు. మేమెవరం లెక్క అడగలేదు. వీపు మీద మన పేరు మెరుస్తా ఉంటే లెక్క అడగాలని ఎవరికి అనిపిస్తుంది? కోర్సు అయిపోయింది, అన్న బెంగుళూరు పోయాడు. అప్పు తిరుపతిలో ఉండిపోయింది.

పక్కనున్న ఫ్రెండు నవ్వాడు. "సామి పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకే లోకమంతా వడ్డీ కడతా ఉంది. మీ కెప్టెన్ అప్పు కడితే ఏం పోతుందిరా?"

"సామి ఫోన్ స్విచ్ఛాఫ్ చేసుకోలేదు గదరా" అన్నాను. నవ్వులాటకే అన్నా గానీ, మిగిలిన మెట్లన్నీ అదే ఆలోచన. అప్పు చేసినాయన కొండ మీదే నిలబడి ఉన్నాడు. ఎవరైనా పోయి ఎదురుగా నిలబడి అడగొచ్చు.

హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తొచ్చింది. ఆర్థిక ఇబ్బందులతో పుణె సిటీ క్లబ్ మూతపడితే, 2019లో దాని స్థానంలో వచ్చిన క్లబ్ అది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్ఎల్ ఫైనల్. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనదే. అప్పుడు నేను పదో తరగతి. నా అరుపులకి మా అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది.

తర్వాత రెండేళ్లు కూడా తిరగలేదు, జీతాల బాకీల వార్తలు మొదలయ్యాయి. ఆటగాళ్లు ఫిఫా దాకా పోయారు. కొత్తవాళ్లని తీసుకోకుండా క్లబ్ మీద నిషేధం పడింది. 2023-24 సీజన్ మధ్యలో సీనియర్లు, విదేశీ ఆటగాళ్లు చాలామంది వెళ్లిపోయారు. ఎక్కువగా కుర్రాళ్లే మిగిలారు. 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. ఆ గోల్స్ లెక్కన్నీ వాళ్ల పేరు మీదే పడ్డాయి. ఎంత ఖర్చు పెట్టాలో ఏ రోజూ వాళ్లనెవరూ అడగలేదు. ఓనర్లు మారారు. 2025లో క్లబ్ ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చుకుంది. కప్పు గెలిచిన ఊరికి ఇప్పుడు ఆ క్లబ్బే లేదు.

డబ్బు పెట్టే ఓనరుంటే చాలు అనుకుంటాం. అదీ నమ్మకం లేదు. పేరులోనే వెంకటేశ్వరుడున్న కంపెనీ ఉంది, మన తెలుగాయన బి.వి. రావు పెట్టిన వెంకటేశ్వర హేచరీస్. ఆ వెంకీస్ వాళ్లు 2010 నవంబరులో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని 2.3 కోట్ల పౌండ్లకు కొన్నారు. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ అది. 2012లో కింది లీగుకి, 2017లో ఇంకో మెట్టు కిందికి జారింది. వాళ్లు వదిలేసి పోలేదు, ఏటేటా నష్టం పూడ్చారు. కానీ ఆ డబ్బులో చాలావరకు ఓనర్ల కంపెనీకి క్లబ్ పడిన బాకీగానే రాసుకున్నారు. అది పది కోట్ల పౌండ్లు దాటింది. నిర్ణయం ఓనరుది, అప్పు క్లబ్బుది! పైగా ఇక్కడి దర్యాప్తుల వల్ల, డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. పుణెలో కూర్చున్న ఓనరు కేసుకి, బ్లాక్‌బర్న్‌లో టికెట్ కొనుక్కునే ముసలాయనకి ఏం సంబంధం?

కొండ దిగాక 13 మందిమి తలా 400 వేసుకున్నాం. అందులో ఒకడు ఫస్టియర్. వాడు ఆ జెర్సీ వేసుకోనే లేదు, టీములోకి వచ్చి రెండు నెలలే. "ఇదేం డబ్బులన్నా?" అని కూడా అడగకుండా ఫోన్‌పే చేశాడు. అది చూసి నాకు సిగ్గేసింది. జెర్సీ వేసుకున్నరోజు నేనూ అట్లే అడగలేదు.

బాకీ కట్టడానికి నేనే పోయాను. షాపన్న నోటుబుక్కులో మా పేజీ కొట్టేసి, "ఈ ఏడు కెప్టెన్ నువ్వేనంట గదా. కొత్తవి ఎప్పుడు గావల్ల?" అన్నాడు.

"పేర్లొద్దన్నా, నంబర్లు చాలు. మొత్తం ఎంతయితాదో ఒక కాగితం మీద రాసియ్యి, గ్రూపులో పెడతా."

ఆ ఫస్టియర్ వాడి 400 మాత్రం నేనింకా తిరిగి ఇవ్వలేదు.