చదువు వీసా, తోట దస్తావేజు

కోనసీమ ముస్లిం కుటుంబాలకు పరదేశం కొత్త కాదు. కువైట్, ఖతర్, సౌదీ అన్న పేర్లు మా పిల్లలు మాటలు నేర్చిన నాటి నుంచే వింటారు. ఆ ప్రయాణంలో కష్టాలెన్ని ఉన్నా ఒక స్పష్టత ఉండేది: ఫలానా పని, ఫలానా జీతం, ఒప్పందం ముగిస్తే ఇంటికి రావడం. ఇప్పుడు వాడపల్లి చుట్టుపక్కల ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లల చూపు అమెరికా వైపు మళ్ళింది. 2023-24లో అక్కడి విదేశీ విద్యార్థులలో 3,31,602 మందితో భారతీయులే ప్రథమ స్థానంలో నిలిచారు. ఈ ప్రయాణంలో మాత్రం ఆ పాత స్పష్టత లేదు.

వేసవిలో తండ్రులు నా వద్దకు వస్తారు. "హజ్రత్, బ్యాంకు రుణం వడ్డీతో కూడినదే గదా, మరో దారి లేనప్పుడు తీసుకోవచ్చా?" అని అడుగుతారు. నా జవాబు వారికి ముందే తెలుసు, అయినా అడుగుతారు. ఈమధ్య నేనే ముందుగా మరో ప్రశ్న వేస్తున్నాను: "ఈ అప్పు ఏ జీతంతో తీరుతుంది? ఆ జీతం ఎన్నేళ్ళు వస్తుంది?"

"ఎం.ఎస్. కాగానే మూడేళ్ళ ఉద్యోగం" అని కన్సల్టెన్సీవారు చెప్పిన మాటనే వారు తిరిగి చెబుతారు. అది సగం నిజం. విద్యార్థికి ఇచ్చేది ఎఫ్-1 వీసా. చదువు ముగిశాక ఓపీటీ పేరిట 12 నెలలు తన చదువుకు సంబంధించిన పని చేసుకోవచ్చు. సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవారికి మరో 24 నెలలు. 2016కు ముందు ఈ పొడిగింపు 17 నెలలే. మొత్తం 36 నెలలు. ఇది అనుమతి మాత్రమే, ఉద్యోగ హామీ కాదు. మొదటి ఏడాదిలో పని లేని రోజులు 90 దాటితే ఆ హోదాయే పోతుంది. పొడిగింపు కావాలంటే యజమాని శిక్షణ ప్రణాళికపై సంతకం చేయాలి.

తరువాతి మెట్టు హెచ్-1బీ. ఏటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు, కనుక లాటరీ. చదువుకు చీటీలు తీయడమేమిటో నాకు బోధపడదు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదివి, దేశం దాటకుండా హోదా మార్చుకొనేవారికి అది వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చింది. ఆ నెల రోజులు ఎన్ని ఇళ్ళలో నిద్ర లేదో! ఇక గ్రీన్ కార్డుల సంగతి: ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదని నియమం. చిన్న దేశానికీ మనకూ ఒకే కొలత కావడంతో మనవారు దశాబ్దాలు నిరీక్షిస్తున్నారు. ఇది న్యాయమని నేననుకోను.

ఈ మెట్ల మీద జారినవారి కోసమే దొంగదారులు ఉన్నాయి. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. దానిలో తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. అక్కడి ప్రభుత్వాధికారులే పన్నిన వల అది. ఫీజు కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు, విద్యార్థి హోదాతో పని చేసుకోవచ్చని దళారులు చేర్పించారు. 2019 జనవరిలో అరెస్టయిన వారిలో భారతీయులు 129 మంది. అందులో తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ప్రభుత్వమే వల వేయడం నాకు నచ్చలేదు. అయితే చదువుతామని మాట ఇచ్చి చదవకపోవడమూ మాట తప్పడమే. వీసా ఒక అహద్. అవతలి పక్షం ఎవరైనా దానికి కట్టుబడాలి.

నియమాలన్నీ పాటించినవారికీ ఒక బాధ తప్పదు. నేను జనాజా నమాజు చదివించిన ఒక పెద్దమనిషి కుమారుడు అమెరికాలోనే హెచ్-1బీ పొందాడు. పాస్‌పోర్టులో ఆ వీసా ముద్ర లేదు. ఒకసారి వస్తే హైదరాబాద్ కాన్సులేట్‌లో ముద్ర పడేదాకా తిరిగి వెళ్ళలేడు. అపాయింట్‌మెంటు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అప్పు ఇంకా సగం మిగిలి ఉంది. తండ్రి ముఖాన్ని ఫోనులో చూశాడు. తల్లి ఇద్దత్‌లో కూర్చున్న నాలుగు నెలల పది రోజులూ అతడు రోజూ మాట్లాడాడట. రాలేదని నిందించినవారున్నారు. నేను నిందించను.

గత నెల ఒక తండ్రి కొబ్బరి తోట దస్తావేజు సంచిలో పెట్టుకొని, కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ అబ్బాయి చేతనే రెండు లెక్కలు వేయించాను: 36 నెలలు పని దొరికితే ఒకటి, డిగ్రీతోనే తిరిగివచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తే మరొకటి. రెండో లెక్కలో తోట విడిపించడానికి పట్టే ఏళ్ళు రాసి, పెన్ను పట్టుకొని చాలాసేపు ఊరకుండిపోయాడు. చివరికి తండ్రి, "బాబూ, ఖర్చు తక్కువ విశ్వవిద్యాలయాలు ఏవో చూడు" అన్నాడు. మేనమామ కొంత మొత్తం ఖర్జె హసనాగా ఇస్తానన్నాడట. దస్తావేజు ప్రస్తుతానికి ఇంటి బీరువాలోనే ఉంది.