వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు

ధనుర్మాసంలో అమ్మ మా ఇంటికి వస్తోందంటే నేను ముందుగా చూసుకునేవి రెండే: గుడికి నడిచి వెళ్ళే దారి, గీజరు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఆవిడ స్నానం అయిపోవాలి. ఈసారి దారి బాగానే ఉంది. గీజరే మొరాయించింది.

అది నెల రోజులుగా చెబుతూనే ఉంది, నేనే వినలేదు. మొదట లోపల గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు. ఇడ్లీపాత్ర అడుగున నీళ్ళు అయిపోవస్తుంటే ఎలా గొణుగుతుందో అలా. తర్వాత, 25 లీటర్ల గీజరు ఒక్క బకెట్టు వేణ్ణీళ్ళిచ్చి చేతులెత్తేసేది. ఎర్రదీపం మాత్రం బుద్ధిగా ఆరిపోయేది, అంతా కాగినట్టే. "మొదటి బకెట్టు మీది కదా, రెండో బకెట్టు వాళ్ళ సంగతి మీకేం తెలుస్తుంది" అని మా ఆవిడ అన్నప్పుడైనా మేలుకోవలసింది.

అమ్మ వచ్చిన రెండో రోజు తెల్లవారుజామున గీజరు స్విచ్ వేశానో లేదో ఇల్లంతా చీకటి. బాత్‌రూమ్‌లోంచి గొంతు: "ఒరేయ్ అబ్బాయ్, కరెంటు పోయిందా, తీశావా?"

పోలేదు, ఆర్‌సీసీబీ పడిపోయింది. పైకి లేపితే నిలుస్తుంది, గీజరు వేస్తే మళ్ళీ పడుతుంది. 2000 వాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. దాని మీద ఆ పెట్టెకు అభ్యంతరమేమీ లేదు. వెళ్ళిన కరెంటు వెళ్ళినట్టే తిరిగి రావాలి, అంతే. 30 మిల్లీఆంపియర్లు దారి తప్పినా ఊరుకోదు, మొత్తం ఆపేస్తుంది. ఆ తప్పిన కరెంటు నీళ్ళలోంచో కుళాయిలోంచో మనిషిలోంచో నేలకు దిగుతూ ఉండొచ్చు కనక. ఇవన్నీ నాకు తెలిసినవే. అయినా ఎదురు ఫ్లాటాయన "దాన్ని బైపాస్ చేయించెయ్యండి, మేం అదే చేశాం, గొడవ లేదు" అంటే ఒక్క క్షణం ఊగాను. తెల్లవారుజాము నాలుగున్నర చలి అలాంటిది.

ఆ పూటకు గ్యాసు మీద గిన్నెలు గిన్నెలుగా నీళ్ళు కాచాం. అమ్మకు అందులో ఏ కష్టమూ కనిపించలేదు. మా ఊళ్ళో పెరట్లో మూడు రాళ్ళ మీద రాగి కాగు ఉండేది. కింద కొబ్బరిమట్టలు, తాటాకులు. నీళ్ళు పాడుతున్నాయా, మరుగుతున్నాయా అన్నది వంటింట్లోంచే చెవితో చెప్పేసేది. గాబులోంచి చన్నీళ్ళు ముంచి తొలిపి, మోచేయి పెట్టి చూసి, "రండర్రా" అని పిలిచేది. కాగు చిల్లిపడితే అడుగున పొయ్యి ఆరిపోయేది. రోగమేమిటో ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలిసేది. ఈ తెల్లటి పీపా అలా కాదు. నెత్తిమీదే వేలాడుతుంది, లోపలేముందో ఎనిమిదేళ్ళుగా నేను చూడలేదు.

కంపెనీకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, బిల్లు అడిగింది, వారంటీ ఎప్పుడో అయిపోయిందంది, నాలుగు రోజుల తర్వాత మనిషి వస్తాడంది. విసుగొచ్చి గ్యాస్ గీజరు పెట్టించుకుందామా అని కూడా అనుకున్నాను. నీళ్ళు కాచే వాటిలో గీజరనే పేరు మొదట గ్యాసుదే. ఐస్‌లాండ్‌లో భూమిలోంచి ఎగజిమ్మే ఒక వేడినీటి బుగ్గ పేరు అది. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్ గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రం చేసి దానికి ఆ పేరు పెట్టాడు. దానికి పొగగొట్టం లేదు. ఇప్పటికీ కిటికీలేని బాత్‌రూముల్లో గ్యాస్ గీజరు వల్ల కార్బన్ మోనాక్సైడ్ పీల్చి మనుషులు పోతున్నారు. మా బాత్‌రూమ్ కిటికీ అరచేయంత. ఆ ఆలోచన అక్కడే మానుకున్నాను.

చివరికి సందు మొదట్లో హార్డ్‌వేర్ షాపాయన పంపిన కుర్రాడు వచ్చాడు. సామాన్ల సంచీ ఇంకా దించకుండానే మొదటి ప్రశ్న: "బోరా సార్, మంజీరానా?"

హైదరాబాద్‌లో కుళాయిలోకి కృష్ణ వచ్చినా గోదావరి వచ్చినా అది మంజీరానే. మాకు వాడకానికి బోరే. అతను తల పంకించాడు. రోగం పేరు అప్పుడే తెలిసిపోయింది. బోరు నీళ్ళలో కరిగి ఉన్న సున్నం, నీళ్ళు వేడెక్కగానే కరిగి ఉండలేక గడ్డకడుతుంది. అదీ ఎక్కడ అన్నిటికంటే వేడిగా ఉందో అక్కడ, అంటే ఎలిమెంటు మీద.

మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూసి, ప్లగ్గు ఊడదీశాడు. ఒక పిన్ను నల్లగా మాడి ఉంది. "లూజ్ ఉన్నది సార్, 16 ఆంప్స్ సాకెట్టే గాని పట్టు లేదు" అని పక్కన పెట్టాడు. తర్వాత అతని కళ్ళు గీజరు కింద చన్నీళ్ళ పైపు దగ్గరున్న వాల్వు మీద ఆగిపోయాయి. దాని మూతికి ఎంసీల్ ముద్ద.

"ఇదెవరు పెట్టిన్రు సార్?"

నిరుడు అది బొట్లుబొట్లుగా కారుతోందని నేనే పెట్టాను. అమ్మ నావైపు చూసింది. "ఇంతకు ముందు ఉన్నవాళ్ళెవరో" అన్నాను.

"దిమాగ్ లేనోళ్ళు సార్" అని మొదలుపెట్టి, ఆ ముందున్న వాళ్ళను పది నిమిషాలు కడిగాడు. నేను శ్రద్ధగా తలూపాను. నీళ్ళు కాగితే ఒళ్ళు పెరుగుతుంది. పాతిక లీటర్లు పాతిక డిగ్రీల నుంచి అరవైకి వెళ్తే లీటరులో మూడోవంతు పైగా ఎక్కువవుతాయి. ఆ ఎక్కువ నీళ్ళు వెనక్కి పోయే దారి లేకపోతే ఆ వాల్వులోంచే బయటికి రావాలి. నీళ్ళు కాగేటప్పుడు నాలుగు బొట్లు కారితే అది రోగం కాదు, ఊపిరి. స్విచ్ వేయకపోయినా కారుతూ ఉంటే అప్పుడు వాల్వు మార్చాలి. "థర్మోస్టాటు, కటౌటు రెండూ పనిచెయ్యకుంటే, ఇది గూడ మూసుంటే, గీజరు గాదు సార్, బాంబు."

నీళ్ళన్నీ వదిలేసి, అడుగున బోల్టులు విప్పి, పళ్ళెం కిందికి లాగాడు. వచ్చింది ఎలిమెంటు కాదు, చెదలపుట్ట. లోపల రాగి గొట్టం ఉందంటే నమ్మాలి. ఆ పుట్టలోనే థర్మోస్టాట్ కాడ కూడా ఇరుక్కుపోయి ఉంది. "ఎలిమెంటు వేడి అక్కడనే ఆగి దీనికి తగులుతుంది సార్. ట్యాంకంత సల్లగున్నా దీనికి ఎండకాలమే. బంద్ జేసేస్తది." రెండో బకెట్టు రహస్యం అదీ. స్క్రూడ్రైవర్ వెనకతో కొట్టేసరికి పెళ్ళలు రాలాయి. కింద గొట్టం మీద వెంట్రుకవాసి చీలిక. ఇంటిని చీకటి చేసింది అదే. దాని పక్కన మెగ్నీషియం రాడ్డు ఉండాల్సిన చోట ఓ తుప్పు తీగ మిగిలింది. "తుప్పు ముందు దీన్ని తింటది. ఇది అయిపోయినంక ట్యాంకును తింటది. రెండేండ్లకోసారి చూపించాలె సార్." ట్యాంకు ఇంకా తినబడలేదు. లోపల టార్చ్ వేసి చూపించాడు. ఎనిమిదేళ్ళకు మొదటిసారి చూశాను.

అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని అన్నీ గమనిస్తోంది. "నాయనా, కుళాయి కిందుంది, వేణ్ణీళ్ళ గొట్టం మాత్రం అంత పొడుగ్గా పైదాకా ఎందుకూ?"

వేడినీళ్ళు పైకి తేలతాయి, అందుకని వాటిని పైనుంచే తీస్తారు, అన్నాడు. చన్నీళ్ళు అడుగునుంచి వచ్చి తోస్తేనే ఆ నీళ్ళు కుళాయిలోకి దిగుతాయి. మేడ మీది ట్యాంకు ఖాళీ అయితే గీజరులో పాతిక లీటర్లు పొగలు కక్కుతున్నా చుక్క రాదు.

"వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్నారు మరి" అంది అమ్మ. ఆ మాట పుట్టింది తొలుపుడు బకెట్టు దగ్గర. చాలీచాలని జీతానికి తోడయ్యే చిల్లర సంపాదన గురించి వాడుతూ వాడుతూ అసలు నీళ్ళను మరిచిపోయాం. ఇక్కడ తోడు కాదు, ఏకంగా తోపుడు. కుర్రాడికి సామెత నచ్చింది. ఇంకోసారి చెప్పించుకున్నాడు.

కొత్త ఎలిమెంటు, గాస్కెట్టు, మెగ్నీషియం రాడ్డు, సాకెట్టు, వాల్వు. థర్మోస్టాట్ కాడను నిమ్మ ఉప్పు నీళ్ళలో నానేసి తోమి మళ్ళీ పెట్టాడు. ట్యాంకు నిండి వేణ్ణీళ్ళ కుళాయిలోంచి నీళ్ళు ధారగా పడేదాకా స్విచ్ ముట్టుకోనివ్వలేదు. ఉత్త ట్యాంకులో వేస్తే కొత్త ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుందట. వేశాం. ఆర్‌సీసీబీ కదల్లేదు. అరగంటలో ఎర్రదీపం ఆరింది, ఈసారి నిజంగానే. కొత్త వాల్వు మూతి నుంచి ఒక్కో బొట్టూ కారుతుంటే అమ్మ నాకేసి చూసి, "ముట్టుకోకు" అంది.

రాలిన పెళ్ళలు న్యూస్‌పేపరులో కిలోకు పైనే ఉన్నాయి. పారేయబోతే ఆగమంది. ఒక పెళ్ళ తీసి గచ్చు మీద గీసి చూసింది. తెల్లటి గీత పడింది. "ఇది ముగ్గురాయేరా." నేను కాదనలేదు, సున్నపురాయి జాతిదే మరి.

మర్నాడు నాలుగున్నరకు స్నానానికి నీళ్ళ చప్పుడు వినిపించింది, రెండు బకెట్లు. కాసేపటికి తలుపు తీసి చూస్తే గడప ముందు చిన్న చుక్కల ముగ్గు, కొంచెం గోధుమరంగులో. ఎదురు ఫ్లాటాయన పాల ప్యాకెట్టు పట్టుకుని దాన్ని తొక్కకుండా పక్కనుంచి దాటుకుంటూ, "ముగ్గు ఎక్కడ కొన్నారండీ?" అన్నాడు.