బరోలో కొండల నుంచి అన్నయ్యకు

ఆల్బా, ఆదివారం రాత్రి

అన్నయ్యా,

తొరీనోలో పని అనుకున్నదానికంటే ముందే తెమిలింది. బ్రా మీదుగా వచ్చే రైలెక్కి ఆల్బా చేరాను. అక్టోబరు కదా, ఊళ్ళో తెల్ల ట్రఫుల్ సంత జరుగుతోంది. మట్టీ, వెల్లుల్లీ, ఇంకేదో చెప్పలేనిదీ కలిసిన ఆ వాసన వీధి మలుపు తిరగ్గానే ఎదురొస్తుంది. రాత్రి గది దగ్గరి చిన్న హోటల్లో తయరీన్ తిన్నాను. బోలెడన్ని పచ్చసొనలతో పిండి కలిపి, సన్నగా దారాల్లా కోసి, ఉడికించి వెన్నలో తిప్పి ఇస్తారు. కడుపు నిండా తిన్నాను, బెంగపడకు.

నేనిక్కడికి వచ్చింది ట్రఫుల్ కోసం కాదని నీకు తెలుసు. పాత బరోలో వైన్‌ని అది పుట్టిన కొండమీదే కూర్చుని, తొందర లేకుండా రుచి చూడాలి. ముంబైలో వైన్ గురించి చదువుకున్నప్పట్నుంచీ ఉన్న కోరిక ఇది. బయల్దేరేముందు నువ్వు ఫోన్‌లో ఒక మాట అడిగావు: "పాతబడితే మంచిదవుతుందంటారు, లోపల జరిగేదేమిటి?" అని. అన్నేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాడివి, ఏదో ఒకటి చెబితే ఒప్పుకోవు. అందుకే ఉత్తరాలు కాస్త పొడుగ్గానే రాస్తాను. వదినకి కూడా చదివి వినిపించు. మనింట్లో అందరికంటే చురుకైన ముక్కు ఆవిడది. ఈ విద్య నాకంటే ఆవిడకే బాగా పట్టుబడేది.

ముందు ద్రాక్ష సంగతి. దాని పేరు నెబ్బియోలో. సీసా మీద బరోలో అని వేసుకోవాలంటే అందులో ఈ ఒక్క ద్రాక్షే ఉండాలి. అదీ ఈ చుట్టుపక్కల 11 ఊళ్ళ కొండవాలుల్లో పండినదే కావాలి. కోసిన ఏడాది నవంబరు నుంచి లెక్కేసి కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్కపీపాలో. రిజర్వా అనిపించుకోవాలంటే 62 నెలలు. ఇది చట్టం పెట్టిన గడువు మాత్రమే. అది దాటి అమ్మకానికి వచ్చిన బరోలో కూడా చాలాసార్లు తాగడానికి సిద్ధంగా ఉండదు.

ఎందుకంటే నెబ్బియోలోలో రంగు తక్కువ, పులుపు ఎక్కువ, వగరు మరీ ఎక్కువ. కుర్ర బరోలో ఒక గుక్క పుచ్చుకుంటే వక్క పలుకు నమిలినట్టు చిగుళ్ళు బిగుసుకుపోతాయి. ఆ వగరు టానిన్లది. అవి ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి, నోట్లో సహజంగా ఉండే జారుడు పోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటీ, రంగునిచ్చే పదార్థాలతోనూ ముడిపడి పెద్దవవుతాయి. కొన్ని మడ్డిగా అడుక్కి దిగుతాయి. వగరు మెత్తబడుతుంది, ఎరుపు ఇటుకరంగులోకి తిరుగుతుంది. పులుపు మాత్రం పెద్దగా తగ్గదు. చిక్కంతా ఇక్కడే ఉంది. వగరు దిగేదాకా పండు రుచి నిలబడాలి. పండు ముందే పోయి పులుపొక్కటే మిగిలితే ఆ సీసాని దాచినందుకు ఫలితం లేదు.

మిగతాది బరోలో నుంచి రాస్తాను.

బరోలో, మంగళవారం

అన్నయ్యా,

బరోలో చిన్న ఊరు. కొండ మడతలో ఒక కోట, దాని చుట్టూ నాలుగు వీధులు. కోటలో ఇప్పుడు వైన్ మ్యూజియం నడుస్తోంది. 19వ శతాబ్దంలో ఈ కోట ఫల్లెత్తి వంశపు మార్కెసా జూలియా కోల్బెర్ది. ఇక్కడి వైన్‌కి రాచకొలువుల్లో పేరు తెచ్చినవాళ్ళలో ఆవిడ ముందుంటుంది. పక్క కొండమీది గ్రింజానేకి తర్వాత ఇటలీ తొలి ప్రధాని అయిన కవూర్ 1832 నుంచి మేయరుగా పనిచేశాడు. ఆ రోజుల్లోనే బరోలో తీపి వదిలి, ఇప్పుడు మనకు తెలిసిన రూపానికి వచ్చింది.

నన్ను పట్టి నిలిపింది కోట కాదు, మట్టి. మధ్యాహ్నం కన్నూబి గుట్ట మీదుగా నడిచాను. కోత దాదాపు అయిపోయింది, ఆకులు పసుపెక్కుతున్నాయి. ఇటు లా మొర్రా, బరోలో వైపు నేల నీలిబూడిద రంగు సున్నపుమట్టి. లోయకి అవతల సెర్రలుంగా వైపు ఇంకా పాత నేల, అందులో సున్నం, ఇసుకరాయి పాలు ఎక్కువ. ఇటువైపు వైన్లు తొందరగా పరిమళిస్తాయి. అటువి కరుకుగా మొదలై ఎక్కువ కాలం బతుకుతాయి. మధ్యలో ఉన్నది చూపు ఆనేంత లోయే. ఆ వంపులకీ మలుపులకీ 2010లో విడివిడిగా హద్దులు గీసి, పేర్లు నమోదు చేశారు. కొన్నవాడు సీసా చూసి ఏ వాలులో పండిందో తెలుసుకోవచ్చు.

ఇప్పుడీ నేల హెక్టారు పది లక్షల యూరోలు దాటింది. ఎప్పుడూ ఇలాగే ఉందనుకోకు. ఆల్బాలో పుట్టిన బెప్పె ఫెనోల్యో 1954లో 'లా మలోరా' అనే చిన్న నవల రాశాడు. అందులో ఉన్నది ఈ లాంగే కొండల రైతుల తిండికి చాలని బతుకే. ఇంకొకరి పొలంలో పాలికాపుగా కుదిరిన కుర్రాడి కథ. ఇక్కడ తిరిగేవాళ్ళు ముందు ఆ పుస్తకం చదవాలని నాకు గట్టిగా అనిపించింది.

పాత సీసాల గురించి మాట్లాడాలంటే ఇక్కడి పీపాల తగాదా కూడా తెలియాలి. పాత పద్ధతిలో వైన్‌ని వేల లీటర్లు పట్టే స్లవోనియా ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచేవారు. 1980ల్లో కొందరు కుర్రాళ్ళు ఫ్రాన్స్ నుంచి 225 లీటర్ల చిన్న కొత్త పీపాలు తెచ్చారు. వాటిని బరీక్ అంటారు. వాళ్ళలో ఒకడైన ఎలియో అల్తారె తన తండ్రి పెద్ద పీపాలను మోటారు రంపంతో కోసేశాడు. తండ్రి అతనికి ఆస్తి దక్కకుండా చేశాడు. పాత పద్ధతి వైపు నిలిచిన బర్తోలో మస్కరెల్లో తన సీసాల లేబుళ్ళు చేత్తో గీసుకునేవాడు. ఒకదాని మీద "బరీక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని రాశాడు. ఆయన 2005లో పోయాడు. ఇప్పుడు తగాదా చల్లారింది, చాలామంది మధ్యే మార్గంలో ఉన్నారు. నా మాట అడిగితే నేను పెద్ద పీపా పక్షమే. కొత్త ఓక్ ఇచ్చే వెనీలా వాసన కుర్ర వైన్‌లో ఆకర్షణగానే ఉంటుంది. ఇరవయ్యేళ్ళు పోయాక పండు తగ్గి, చెక్క మాత్రం మిగిలిన బరోలోలు తాగాను. వాటిలో ఏ కొండదో ఏ వాలుదో పోల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు.

సెర్రలుంగా, గురువారం

అన్నయ్యా,

ఈ రోజు జరిగింది పూర్తిగా రాయాలి.

ఇక్కడ వైన్ చేసే ఒక ఇంటివాళ్ళకి ముందే ఉత్తరం రాసి అడిగాను కాబట్టి ఆ ఇంటి పెద్దాయన సీసాలను రెండు రోజుల ముందే నిలబెట్టి ఉంచారు. ఇన్నాళ్ళూ పడుకోబెట్టి ఉంచిన సీసాలో మడ్డి పక్కకి చేరుతుంది. నిలబెడితే అడుక్కి దిగుతుంది. నేలమాళిగలో చల్లగా ఉంది, గోడలకి చెమ్మ. బల్లమీద తెల్లగుడ్డ పరిచారు, పక్కన ఉమ్మేయడానికి ఒక పాత్ర పెట్టారు. ఇక్కడ రుచి చూడటమంటే మింగడం కాదు. నోరంతా తిప్పి ఉమ్మేస్తేనే చివరిదాకా బుర్ర తేటగా ఉంటుంది.

మొదటిది 1996. ఆ ఏడాది చలి, కోత ఆలస్యం. వైన్లు పులుపుతో, గట్టి వగరుతో పుట్టాయి. విడుదలైనప్పుడు చాలామందికి రుచించలేదు. పెద్దాయన ముందు సీసాని దీపానికి ఎత్తి మట్టం చూపించారు. వైన్ ఇంకా మెడలోనే ఉంది. భుజం దాకా దిగి ఉంటే లోపలికి గాలి బాగా పోయిందని అర్థం, అప్పుడు విప్పకముందే అనుమానపడాలి. రేకు మొత్తం ఒలిచి, మూతి మీది నల్లటి బూజు తడిగుడ్డతో తుడిచారు. పాత కార్కులోకి మర దించితే పొడైపోతుంది. అందుకని రెండు సన్నటి ఉక్కు రేకులున్న పరికరాన్ని కార్కుకి ఇరువైపులా దించి, మెల్లిగా తిప్పుతూ పైకి లాగారు. కార్కు మూడోవంతు దాకా ముదురు ఊదారంగు పట్టి ఉంది, పై భాగం పొడిగా ఉంది. అది నా చేతికిచ్చారు. వాసన చూశాను, శుభ్రంగా ఉంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్కు చెడిందన్నమాట. ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం లీటరుకి కొన్ని నానోగ్రాములు ఉన్నా చాలు, పసిగట్టగలం. నీ విద్యార్థులకి చెప్పడానికి మంచి ఉదాహరణ.

మెడ కింద దీపం పెట్టుకుని ఒకే ధారగా గాజు కూజాలోకి వంచారు. మెడలోకి మడ్డి పొగలా పాకుతూ రాగానే ఆపేశారు. అడుగున రెండు వేళ్ళ మందం వైన్ వదిలేయాల్సి వచ్చింది. అందులో ఆయనకి ఏ బాధా కనిపించలేదు.

గ్లాసును తెల్లగుడ్డ మీదికి వంచి చూశాను. మధ్యలో మాణిక్యపు ఎరుపు, అంచుకి వచ్చేసరికి ఇటుకరంగు, చిట్టచివర నారింజ. రంగు ఇంత పల్చగా ఉంటే వేరే ద్రాక్షల విషయంలో అయిపోయిందనుకోవాలి. నెబ్బియోలోని రంగుతో తూచకూడదు. చూడాల్సింది మెరుపు. ఇది తేటగా మెరుస్తోంది.

మొదటి వాసనకి వైన్ ఏమీ చెప్పలేదు. నేలమాళిగ వాసనే తప్ప ఇంకేం లేదు. ఇక్కడే చాలామంది తొందరపడి తీర్పిచ్చేస్తారు. అంతకాలం గాలి తగలని వైన్‌కి వ్యవధి ఇవ్వాలి. పావుగంటకి ఎండిన గులాబీ రేకులు వచ్చాయి, వాటి వెనకే తారు. ఈ రెండూ కలిసి రావడం బరోలో గుర్తు. ఇంకాసేపటికి నారింజ తొక్క, పొగాకు, వాన తర్వాత అడవి నేల, ఒక పక్కన ఇనుము. గంట దాటాక అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి విడదీసి పేరు పెట్టడానికి కుదరలేదు. నేను రాయడం ఆపేశాను.

నోట్లో పులుపు ముందొచ్చింది, చురుగ్గా. వెనకే ఎండిన చెర్రీ. వగరు ఇంకా ఉంది, అయితే నాలుకని పట్టుకోలేదు. చిగుళ్ళ అంచున సన్నగా నిలబడి, మెల్లిగా వదిలింది. ఉమ్మేశాక కూడా ఆ రుచి చాలాసేపు పోలేదు. పోయేటప్పుడు చేదుగానో పులుపుగానో కాకుండా అదే చెర్రీ, అదే గులాబీతో పోయింది. నేను దేనికైనా మార్కులు వేయాల్సి వస్తే ఆ చివరి భాగానికే ఎక్కువ వేస్తాను. వాసనలు మనసు చెప్పినట్టల్లా తోస్తాయి, లేబుల్ చూస్తే ఇంకా ఎక్కువ. ఉమ్మేశాక నోట్లో ఏది ఎంతసేపు మిగిలిందో మాత్రం ఎవరికివాళ్ళు నిజాయితీగా తేల్చుకోవచ్చు.

తర్వాత ఆయన అదే ఏడాది, అదే పెట్టెలోని మరో సీసా తెరిచారు. అంచు గోధుమరంగుకి తిరిగింది, మెరుపు లేదు. కోసి వదిలేసిన ఆపిల్ వాసన. పండు ఎక్కడా లేదు, పులుపు ఒంటరిగా నాలుకని గీరుతోంది. గంట ఆగినా మార్పు రాలేదు. ఒకే పీపా, ఒకే రోజు నింపారు, ఒకే గదిలో ఉన్నాయి. తేడా కార్కుదే. అది చెట్టు బెరడు, ఏ రెండు ముక్కలూ ఒకలా గాలిని ఆపవు. ఆ సీసాని పెద్దాయన దాచాలనుకోలేదు, సాకు చెప్పలేదు. అతిథికి ఇది కూడా చూపించాలని తెరిచారని తర్వాత అర్థమైంది. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అప్పుడే.

చివరగా పేరు చెప్పకుండా, గుడ్డ చుట్టిన సీసా నుంచి ఒకటి పోశారు. మెత్తగా, ఉడికిన ప్లమ్ తీపితో, మొదటి గుక్కకే చనువిచ్చేలా ఉంది. అరగంటకల్లా నీరసించింది. గుడ్డ తీస్తే 1997. ఎండ బాగా కాసిన ఆ ఏడాదిని అప్పట్లో పత్రికలు ఆకాశానికెత్తాయి. 1996 దాని నీడలో ఉండిపోయింది. ఈ బల్లమీద మాత్రం 1996 గెలిచింది.

తొరీనో, శనివారం

అన్నయ్యా,

నువ్వడిగినదానికి ఇప్పుడు నా జవాబు. పాతబడటం వల్ల వైన్ మంచిదవదు. మొదట్నుంచీ దాంట్లో ఉండి వగరు వెనక కనబడనిది పైకి వస్తుంది, అంతే. లోపల ఏమీ లేని వైన్‌కి వయసు చేసే మేలు లేదు. అందుకే పాత సీసా ముందు కూర్చున్నప్పుడు ఎంత పాతది, ఎంత ఖరీదు అని కాకుండా, పండు ఇంకా ఉందా, వగరూ పులుపూ దానికి ఎదురు తిరగకుండా ఉన్నాయా అని చూస్తాను. ఏడాది పట్టికల్నీ పూర్తిగా నమ్మను. 2002లో వానలు, వడగళ్ళు పడి చాలామంది బరోలో సీసాలే నింపలేదు. అదే ఏడాది జాకొమో కొంతెర్నో వాళ్ళు సెర్రలుంగాలోని తమ తోటనుంచి మోన్‌ఫోర్తీనో అనే బరోలో తీశారు, అదిప్పుడు గొప్పగా చెప్పుకునే వైన్లలో ఒకటి.

ఆల్బాలో నా కళ్ళముందే ఒకాయన నలభయ్యేళ్ళ సీసా తెప్పించుకుని, ఫోటో తీసుకుని, పది నిమిషాల్లో తాగేసి లేచాడు. నాకు బాధేసింది. గ్లాసులో ఇంకా ఏం రావాల్సి ఉందో ఆయన చూడనే లేదు.

1996 ఒకటి తీసుకెళ్ళమని పెద్దాయన అన్నారు, వద్దన్నాను. అంత పాతదాన్ని విమానంలో కుదిపితే మడ్డి లేచి వారాలపాటు తేరుకోదు, ఆ పైన మన ఎండ. బదులుగా ఆయన తోటలోని 2016 రెండు సీసాలు కొన్నాను. కస్టమ్స్ వాళ్ళు రెండు లీటర్ల దాకా ఒప్పుకుంటారు, ఇవి లీటరున్నర. రాజమండ్రిలో వేసవిలో నిలవవు కాబట్టి హైదరాబాదులో స్నేహితురాలి వైన్ ఫ్రిజ్‌లో 13 డిగ్రీల దగ్గర పడుకోబెడతాను. ఒకటి 2030 దాటాక తెరుస్తాం, ఇంకోటి మరో పదేళ్ళకి. నువ్వు తాగవని తెలుసు. వదినని మాత్రం ఆ రోజు పక్కన కూర్చోబెట్టుకుంటాను, వాసన చూసి చెప్పడానికి. మంగళవారం రాత్రి విమానం, దిగగానే ఫోన్ చేస్తాను.

నీ చెల్లెలు